పెంచలన్న తోమిన తుపాకీ

కువైట్‌లో నేను వంట చేసే ఇంట్లో పదకొండు తుపాకులున్నాయని మాటల్లో చెప్పగానే మా అమ్మ ఫోన్లోనే గొల్లుమంది. టికెట్ కొనుక్కుని వెంటనే రాయచోటికి వచ్చేయమంది. అవి పేలేవి కావమ్మా, చూడ్డానికి పెట్టుకునేవి అంటే వినదే! పేలనప్పుడు కొనడమెందుకు అని ఒకటే ప్రశ్న. నిజం చెప్పొద్దూ, ఆ ప్రశ్న నాకూ ఉండేది. దానికి జవాబు పెంచలన్న పుణ్యమా అని దొరికింది. ఆయన కథే ఇది.

పెంచలన్నది రాజంపేట దగ్గర చిట్వేలి. వయసు యాభై దాటింది. మనిషి బక్కపలచన, చేతులు మాత్రం మోటుగా, మల్లయోధుడి చేతుల్లా ఉంటాయి. చిన్నప్పుడు రాజంపేటలో ఇత్తడి సామాన్ల అంగట్లో పనిచేశాడట. ఊళ్లవాళ్లు సొట్టలు పడ్డ బిందెలు, చిలుము పట్టిన దీపపు సెమ్మెలు తెచ్చి పడేస్తే, వాటిని కొత్త పెళ్లికూతుళ్లలా తయారుచేసి పంపడం ఆయన పని. ఆ అంగడి మూతబడ్డాక కువైట్ వచ్చి, మొదట వఫ్రా ఎడారిలో మేకలు కాశాడు. ఆ మేకల యజమాని స్నేహితుడే మా బాబా, అంటే నేను వంట చేసే ఇంటి యజమాని. ఒకసారి అక్కడికి వెళ్లినప్పుడు మేకలకు నీళ్లు పెట్టే రేకు తొట్టి కూడా అద్దంలా మెరుస్తుండటం చూసి, ఈ మనిషి నాక్కావాలని అడిగి రుమైథియాలోని ఈ ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పటినుంచీ ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండటానికిచ్చే పర్మిట్, బాబా పేరు మీదే.

బాబాను బయటివాళ్లు బూ నాసర్ అంటారు, అంటే నాసర్ తండ్రి అని. చమురు కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. భార్య, మేం మామా అని పిలిచే ఆమె, పోయాక ఆయన ఎక్కువగా దివానియాలోనే ఉంటాడు. దివానియా అంటే వీధివైపు ఉండే పెద్ద గది. సాయంత్రాలు మగవాళ్లు వచ్చి గోడల వెంబడి దిండ్లకు ఆనుకుని కూర్చుని కబుర్లాడుకుంటారు. ఆ గదికి పెంచలన్నే సర్వాధికారి. ఊడవడం, తుడవడం, వచ్చినవాళ్లకు గావా అనే అరబ్బుల కాఫీ పోయడం, పోయేవాళ్ల చెప్పులు వరసగా తిప్పి పెట్టడం అన్నీ ఆయనే. ఒక్క అద్దాల బీరువా తప్ప.

తుపాకులు ఆ బీరువాలో ఉండేవి. బాబాకు వాటిమీద పిచ్చి అనుకునేదాన్ని. పిచ్చి కాదు, లెక్క. భూమి కొంటే తగాదా, షేర్లు కొంటే ఎప్పుడు పడతాయో తెలీదు, పాత తుపాకులు మాత్రం ఇక ఎవరూ తయారు చేయరు కాబట్టి ఏటేటా ధర పెరుగుతూనే ఉంటుందని ఆయన వాదన. ప్రతిదానికీ పోలీసు కాగితం ఉంది. పిట్టల బొమ్మలు చెక్కిన ఇంగ్లీషు వేటతుపాకులు, తుర్కీవాళ్లవి, ఇంకా ఏవేవో. వాటిలో అన్నిటికంటే పాతది ఒక వత్తి తుపాకీ. నిప్పంటించిన వత్తితో పేల్చేవాళ్లట. మనిషంత పొడుగు గొట్టం, దానికి వరసగా వెండి పట్టీలు, ఇత్తడి పట్టీలు. పేరుకే వెండి, ఇత్తడి. చూడబోతే అంతా కుంపట్లోంచి తీసినట్టు నల్లగా ఉండేది. బాబా దాన్ని మస్కట్‌లో కొన్నాడు. ముట్టుకుంటే చేతి చెమటకు ధర తగ్గుతుందని తను కూడా ముట్టుకునేవాడు కాదు. మనవళ్లు అద్దానికి ముక్కు ఆనిస్తేనే కసిరేవాడు.

కొడుకు నాసర్‌కు ముక్కు మీద కోపం. "మా నాన్న తుప్పు కొంటాడు" అని స్నేహితుల ముందే నవ్వేవాడు. ఆ మాట బాబాకు ఎక్కడ తగిలేదో ఏమోగాని, ఏదో ఒకరోజు ఆ వత్తి తుపాకీని మంచి ధరకు అమ్మి కొడుకు నోరు మూయించాలని ఆయన పట్టుదల. నిరుడు దానికి సమయం వచ్చింది. దుబాయ్ నుంచి ఒక లెబనాన్ ఆయన వచ్చి చూసి, ధర కట్టి, తీసుకుపోతానన్నాడు. ఈలోగా బాబా మోకాలి ఆపరేషన్‌కు జర్మనీ వెళ్లాల్సి వచ్చింది. వెళ్తూ వెళ్తూ బీరువా తాళంచెవి కొడుక్కి ఇవ్వలేదు. పెంచలన్నను పిలిచి చేతిలో పెట్టాడు. "దుమ్ము తుడువు, బస్" అన్నాడు.

ఆ రోజు పెంచలన్న వంటింట్లోకి వచ్చి తాళంచెవి నాకు చూపించిన తీరు చూడాలి! బంగారు నగ చూపించినట్టు అరచేతిలో పెట్టుకుని చూపించాడు.

"సూడు పాపా, సొంత కొడుక్కి ఈలేదు, నాకిచ్చినాడు."

"పోగొట్టుకోవాకు న్నా, మళ్లా ఇద్దరమూ విమానం ఎక్కల్ల" అన్నాను.

బాబా జర్మనీలో ఉండగానే దసరా వచ్చింది. పెంచలన్నకు ఏ పండగా పట్టదుగాని ఆయుధపూజ మాత్రం తప్పడు. ఎవరి పనిముట్లు వాళ్లు ఆ రోజు కడిగి బొట్టు పెట్టుకోకపోతే సంవత్సరమంతా చెయ్యి సాగదని ఆయన నమ్మకం. ఈ ఇంట్లో పూజలు కుదరవు కదా. అందుకని పొద్దున్నే గావా కూజాలు, తోట పైపు, దుమ్ము లాగే మిషనూ శుభ్రంగా కడిగి, ఎవరికీ కనబడకుండా అడుగున చిటికెడు కుంకుమ పెడతాడు. ఆ మిషన్ తిరగేసి చూస్తే పాత బొట్ల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి.

ఆ దసరాకు ఆయన చేతిలో తాళంచెవి ఉంది. బీరువా నిండా ఆయుధాలున్నాయి. ఇంకేం కావాలి? బొట్టు పెట్టలేదులెండి. "వాళ్ల సొత్తు, వాళ్ల దేవుడు వేరే, మనం బొట్టు పెట్టగూడదు" అని తనే అన్నాడు. కానీ శుభ్రం చేయడానికి ఏ దేవుడు అడ్డు చెబుతాడు? అన్నీ తళతళలాడుతుంటే ఈ వత్తి తుపాకీ ఒక్కటే మసిబట్టి మూలన నిలబడి ఉందని దానిమీద జాలి కలిగిందట. గావా కూజాలకని చెప్పి నా దగ్గర చింతపండు, ఉప్పు పట్టుకుపోయాడు. వెండి పట్టీలకు విభూతి. గొట్టానికి గరుకు కాగితం. ఆఖరున కొబ్బరినూనె.

సాయంత్రం నన్ను పిలిచాడు. వెళ్లి చూశాను. మనిషంత పొడుగు తుపాకీ, వెండి వెండిలా, ఇత్తడి బంగారంలా, కళ్లు చెదిరేటట్టుంది. పెంచలన్న ముఖం దానికంటే వెలిగిపోతోంది. ఊళ్లో భార్య తిరుపాలమ్మకు వీడియో ఫోన్ చేసి అటునుంచి ఇటునుంచి తిప్పి చూపించాడు.

"అంగట్లో ఉన్నప్పుడు గూడా ఇంత పని చెయ్యలా నేను. బాబా వచ్చి సూస్తే ఏమంటాడో!" అని ఆయన సంబరం.

బాబా జర్మనీ నుంచి కర్ర సాయంతో నడుచుకుంటూ వచ్చాడు. ఆ మర్నాడే లెబనాన్ ఆయన తెల్లటి చేతితొడుగులు వేసుకుని దిగాడు. నాసర్ కూడా వేడుక చూడటానికి వచ్చి కూర్చున్నాడు. పెంచలన్న బీరువా తెరిచి, వత్తి తుపాకీని రెండు చేతులమీదా పట్టుకొచ్చి దిండు మీద పడుకోబెట్టి, మెప్పు కోసం పక్కన నిలబడ్డాడు. నేను ఖర్జూరాల పళ్లెంతో గుమ్మం దగ్గరున్నాను.

బాబా దానిమీదికి వంగి చూశాడు. లెబనాన్ ఆయన భూతద్దం తీసి, గొట్టం పొడుగునా చూసుకుంటూ పోయి, తిరిగి మొదటికొచ్చాడు. తొడుగులు విప్పేశాడు.

"దీన్ని ఎవరు కడిగారు?" అన్నాడు.

"నేనే" అన్నాడు పెంచలన్న ఛాతీ విరిచి.

"ఈ నలుపుకే కదయ్యా ధర. రెండువందల ఏళ్లు పట్టింది అది రావడానికి. ఇప్పుడు దీన్ని చూస్తే నిన్న బజార్లో చేసిన బొమ్మ అంటారు. నేను కొనను."

చిలుముకు డబ్బిచ్చేవాళ్లు ఈ లోకంలో ఉంటారని మా కడప సీమలో ఎవరికి తెలుసు? బిందె కొనేటప్పుడు గోటితో గీకి చూసి, మెరుపు లేకపోతే బేరం తగ్గిస్తాం. నాకు ఆ లెబనాన్ ఆయనమీద ఒళ్లు మండిపోయింది. నాసర్ మొదట పగలబడి నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "తుప్పు కూడా మిగల్లేదు బాబా. వీణ్ణి పంపించెయ్. వచ్చే నెల ఇఖామా అయిపోతుంది, ఖలాస్" అన్నాడు. బాబా కర్ర అందుకుని మెల్లగా లోపలి గదిలోకి వెళ్లిపోయాడు.

తిట్టి ఉంటే బాగుండేది. బాబా తిట్టలేదు, అడగలేదు. తాళంచెవి తనే తీసి జేబులో వేసుకున్నాడు. ఆ రోజునుంచి పెంచలన్న వైపు చూడటం మానేశాడు. ఆయన చాయ్ తెచ్చి పెడితే అలాగే చల్లారిపోయేది. కాసేపయ్యాక నన్ను పిలిచి వేరే చాయ్ తెమ్మనేవాడు. ఆ నిండు గ్లాసు పట్టుకుని పెంచలన్న వెనక్కి వచ్చేవాడు. ఇంత బతుకు బతికిన మనిషి, వంటింటి మూల కూర్చుని నన్ను అడిగిన మాట ఇదీ:

"సాంబ్రాణి పొగ బెడితే నలుపు మళ్లా వస్తాదేమో పాపా?"

"అబ్బ, నీ తెలివి తెల్లారినట్టే ఉండాది! దుమ్ము తుడవమంటే దుమ్ము తుడవల్ల. ఎవురు తోమమనిరి నిన్ను?" అని అరిచాను. అరిచాక నాకే ఏడుపొచ్చింది.

"డబ్బు పోయిందని గాదు పాపా ఆయప్ప బాధ. కొడుకు ముందర తల కొట్టేసినట్టు చేసినా గదా నేను" అన్నాడు. అదీ నిజమే. పంపించేస్తారన్న భయం కంటే ఆ సంగతే ఆయన్ను ఎక్కువ తినేసింది. బట్టలు మడిచి పెట్టెలో పెట్టుకున్నాడు. పొమ్మని బాబా నోటితో చెబితే పోతాను, చెప్పకుండా ఎట్లా పోయేది అని రోజూ గుమ్మం దగ్గర నిలబడేవాడు.

ఆపరేషన్ తర్వాత మొదటిసారి దివానియా నిండిన సాయంత్రం అది. బాబాతో కలిసి బడికెళ్లిన ముసలివాళ్లు నలుగురైదుగురు వచ్చారు. పెంచలన్న గావా పోసి, ఖాళీ కూజాతో గుమ్మం అవతలకు వచ్చి నిలబడ్డాడు. నేను ఆయన వెనకే ఉన్నాను. లోపల ఒకాయన అద్దాల బీరువా దగ్గరికి లేచి వెళ్లి, "ఇదెక్కడిది? ఇంతకుముందు లేదే!" అన్నాడు. వత్తి తుపాకీని చూసే ఆ మాట.

 పెంచలన్న కళ్లు మూసుకున్నాడు.

బాబా జేబులోంచి తాళంచెవి తీశాడు. బీరువా తెరిచి, తుపాకీని ఉత్త చేతులతో బయటికి లాగి, ఆ స్నేహితుడి చేతుల్లో పెట్టేశాడు. నాకు మతిపోయింది. ఆయన దాన్ని భుజానికి ఎత్తుకుని, పెళ్లిళ్లలో ఆడే అర్ధా నాట్యంలోలా ఒక అడుగు అటు, ఒక అడుగు ఇటు వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తుపాకీ ఒకరి చేతినుంచి ఒకరి చేతికి పోయింది. వెండి పట్టీలను వేళ్లతో తడిమారు, గొట్టంలోకి ఊదారు, చెక్క పిడిని చెంపకు ఆనించుకుని గురి చూశారు. తిరిగి తిరిగి బాబా ఒళ్లోకి వచ్చింది. కొబ్బరినూనె వాసన ఇంకా పోలేదేమో, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి చిన్నగా నవ్వాడు.

"అమ్మేస్తానన్నావు కదా, అమ్మలేదా?" అని అడిగారెవరో.

"ఇప్పుడు దీన్ని ఎవరూ కొనరు" అన్నాడు బాబా. "ఇరవై ఏళ్లుగా వీటిని కొంటున్నాను. ఎవరో వచ్చి కొనుక్కుపోయేదాకా వాటికి కాపలా ఉన్నాను, అంతే. ఒక్కదాన్నీ చేత్తో పట్టుకోలేదు. మొత్తం బీరువాలో ఇదొక్కటే నాది."

తర్వాత గుమ్మం వైపు తిరిగాడు. "పెంచల్! చాయ్ ఏదీ?"

బాబా మాటలు నేను ఆ తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నానో. పెంచలన్నను అడిగితే బాబా అట్లా అన్నాడా అంటాడు. ఆయన చెవిన పడింది ఆఖరి మాట ఒక్కటే. వంటింట్లోకి ఉరికినట్టు వచ్చి, స్టవ్ వెలిగించబోతే అగ్గిపుల్ల చేతిలో నిలవలేదు. కళ్లనుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"ఆ చేతులతో కాల్చుకుంటావు న్నా, జరుగు, నేను పెడతా" అన్నాను.

"నువ్వు పో పాపా" అంటూ మోచేత్తో నన్ను పక్కకు నెట్టాడు. "నన్ను అడిగినాడు."