వావిలాకు నీళ్ళు

బళ్ళో నేను సైన్సు చెబుతాను. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీళ్ళేనని బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాను. అలాంటిదాన్ని, కన్నకూతురు దాహమంటే గ్లాసు అడుగున రెండు గుక్కలు పోసి ఇచ్చాను. తగలెయ్యనా నా చదువు!

అమ్మాయికి నర్సీపట్నం పెద్దాసుపత్రిలో కాన్పయింది. ఇంటికి పంపుతూ నర్సు, "నీళ్ళు బాగా తాగించండమ్మా, లేపోతే పాలు సాలవు" అని నాకే చెప్పింది. బుర్ర ఊపాను. ఇంటికొచ్చేసరికి మా అత్తగారు గుమ్మంలోనే పథ్యం మొదలుపెట్టేశారు.

"బాలింతకి నీళ్ళేటే? పొట్ట జారిపోతాది. ఒళ్ళు నీరుపట్టీస్తాది."

"తాగించమన్నారండీ ఆసుపత్రిలో."

"రేపు దీనికేటైనా అయితే ఆ నర్సమ్మొచ్చి సూస్తాదేటి?"

చూడవచ్చిన రోలుగుంట చుట్టాలూ ఆవిడకే వంత పాడారు. రేపెప్పుడైనా పిల్లకి నడుం నొప్పి వస్తే, "తల్లి సదువుకుంది గదా, పెద్దల మాటెక్కడ ఇంటాది" అంటారు. నిజం చెప్పొద్దూ, పిల్ల దాహం కన్నా ఆ మాటకే ఎక్కువ భయపడ్డాను.

నాలుగు రోజులకి అమ్మాయి పెదాలు పగిలాయి. పాలు చాలక పసిగుడ్డు గుక్కపట్టి ఏడుస్తోంది. ఒంటికి వెళ్తే మంటగా ఉందమ్మా అంది. "ఓర్చుకో తల్లీ, మేమంతా ఓర్చుకోలేదా" అన్నాను.

ఐదో రోజు వావిలాకు వేసి మరిగించిన నీళ్ళు స్నానానికి చన్నీళ్ళు కలిపి పెట్టి, తువ్వాలు మరిచిపోయి లోపలికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అమ్మాయి స్నానాల గదిలో పీట మీద కూర్చుని, బకెట్లో చెంబు ముంచి ఆ పచ్చటి నీళ్ళే గటగటా తాగుతోంది. నన్ను చూసి దొంగలా చెంబు దించేసింది.

ఆ చేదు నాకు తెలుసు. తల్లి లేనిదాన్ని, నా పురుడూ ఈ ఇంట్లోనే జరిగింది. అప్పుడు నేనూ అలాగే తాగాను, ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

వరండాలో వెల్లుల్లి వలుస్తున్న అత్తగారి మీదికి వెళ్ళిపోయాను.

"స్నానం నీళ్ళు తాగుతోందండీ మీ మనవరాలు! ఆ రోజు నేనూ తాగాను, విన్నారా? ఈనిన గేదెకి కుండెడు కుడితి పెడతాం, మనింటి పిల్లకి గ్లాసుడు నీళ్ళివ్వం!"

ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"సేదుగుంటాది గదే," అన్నారు. "మూడు గుక్కలయ్యాక తెలీదు. నాను తాగినప్పుడూ అంతే."

మోకాళ్ళు పట్టుకుని ఆవిడే లేచారు. వంటింట్లో కాచి చల్లార్చిన నీళ్ళు పెద్ద చెంబు నిండా పట్టుకొచ్చి, స్నానాల గది గుమ్మంలోంచి అందించారు.

"తాగే అమ్మా, బేగి తాగు. ఎవులేటనుకుంటే నాకేటి!"