బేడీలు వెయ్యద్దని చెప్పబోయి

నవ్వనంటేనే చెప్త. నిన్న సూర్యాపేటల నా ఉపన్యాసం ఎంత బాగ జరిగిందంటే, మిర్యాలగూడకు ఇంటికి రావాల్సినోణ్ణి కోదాడల తేలిన. అదీ రెండు చేతులకు బేడీలతోని!

కాలేజీల న్యాయ సదస్సు. నల్లకోటు ఏసుకొని పోయి దంచుతున్న. "అరెస్టయినా మనిషి మనిషే! ఊరికే బేడీలు వెయ్యద్దని సుప్రీం కోర్టు తీర్పిచ్చింది. ఎందుకేసిన్రో కారణం సూపాలె, మేజిస్ట్రేట్ పర్మిషన్ ఉండాలె!" ఎనక బెంచీలోళ్ళు గురకలు వెడుతున్నరు. నాకు రోషం వచ్చింది. బందోబస్తుకొచ్చిన హెడ్ కానిస్టేబుల్ యాదగిరి తాన్కి పోయి, "జర నీ బేడీలియ్యన్నా" అన్న.

"వద్దు సార్, అవి..."

"డెమో అన్నా, ఒక్క నిమిషం!"

గుంజుకొని టక్కున ఏసుకున్న. చేతులు పైకెత్తి, "సూడున్రి, ఎంత అవమానమో!" అన్న. నిద్రవోయేటోళ్ళు సుత లేచి చప్పట్లు!

కిందికి దిగి చేతులు సాపిన. "ఇగ తియ్యన్నా."

యాదగిరి మొఖం తెల్లవడ్డది. "గదే సార్ చెప్పబోయిన. తాళంచెవి కోదాడల మా ఇంట్ల ఉంది. ఇంకో అంగీ జేబుల."

ఎస్‌టీడీ బూత్ నుంచి వాళ్ళ పక్కింటికి ఫోన్ కొట్టినం. ఎవ్వలూ ఎత్తలే. ఇగ ఏం జేస్తం, ఇద్దరం కోదాడ బస్సెక్కినం. చేతులు కోటు కింద దాసుకున్న. కండక్టర్ టికెట్ ఇచ్చిండు. ఒక చెయ్యి సాపితే రెండూ వచ్చినయ్!

కండక్టర్ నన్ను కింది నుంచి మీదికి సూసి, "వకీలు సాబ్ కోటు సుత కొట్టేసినావురా?" అన్నడు.

పక్క సీట్ల ముసలామె కండ్లల్ల నీళ్ళు వెట్టుకుంది. "ఏం జేసినవ్ బిడ్డా?"

"ఏం జెయ్యలే అవ్వా. ఉపన్యాసం చెప్పిన."

"గంత మాత్రానికేనా!"

కోదాడ బస్టాండ్ల దిగినమో లేదో, ఎదురుంగ జీపు. అండ్లకెల్లి ఎస్సై దిగిండు. "యాదగిరీ! వకీలుకి బేడీలేంటయ్యా? మేజిస్ట్రేట్ పర్మిషన్ ఏది? సుప్రీం కోర్టు తీర్పు తెలీదా? ఉద్యోగం ఊడుద్ది!"

యాదగిరి టక్కున సెల్యూట్ కొట్టిండు. ఇంటికాడ పిల్లలున్నోడు, నా డెమో వల్ల ఆగమైతడని భయమైంది. నేను ముందల నిలబడ్డ.

"ఆయన తప్పేం లేదు సార్! నాకు నేనే ఏసుకున్న. అయినా బేడీలంటే... మరీ అంత చెడ్డయేం కావు సార్. మెత్తగనే ఉన్నయ్!"

ఎస్సై నోరెళ్ళబెట్టిండు. "వకీలై ఉండి ఈ మాటంటారా? మనిషికి గౌరవం ఉండక్కర్లేదా? కోర్టు ఏం చెప్పిందో తెలుసా?" అని నడి బస్టాండ్ల నాకు తీర్పు మొత్తం అప్పజెప్పిండు. నాకంటే మంచిగ చెప్పిండు కూడ! సుట్టూ జనం.

ఆఖరికి జీపులనే యాదగిరి ఇంటికి తీస్కపోయిండు. యాదగిరి భార్య, "అయ్యో, ఆ చొక్కా ఇప్పుడే నానబెట్టానండీ!" అన్నది. సబ్బునీళ్ళల్ల దేవులాడి తాళంచెవి తీసి, బేడీలు ఇప్పిన్రు.

ఎస్సై పోతా పోతా అన్నడు, "ఇంకెక్కడా ఇట్లా మాట్లాడకండి వకీలు గారూ. పౌర హక్కులోళ్ళు వింటే ఊరుకోరు!"

పోలీసాయన సుప్రీం కోర్టు దిక్కు, నేను బేడీల దిక్కు. వాదన ఓడిపోయి గింత ఖుషీ అయిన వకీలు దేశంల నేనొక్కణ్ణే ఉంట!