రంగు గంజులో మొదటి మునక

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవులు అయిపోవస్తున్నాయంటే, ఇంటి వెనక మూడు రాళ్ల పొయ్యి మీద రంగు గంజు, అంటే రంగునీళ్లు కాచే పెద్ద గిన్నె, ఎక్కేది.

మాది సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి. మా నాన్న, బాపు, సాంచెలు నడిపేవాడు. మరమగ్గాలను మేము అలాగే అంటాం. రోజంతా కొత్త గుడ్డ నేసే మనిషి, ఇంటికొచ్చి కప్పుకునేది మాత్రం పాత దుప్పటే. వెలిసిపోయినదాన్ని పారేయడం అమ్మకు చేతకాదు. ఒక రంగు పొట్లం, గుప్పెడు దొడ్డుప్పు, మసిలే నీళ్లు... ఆ దుప్పటి ఇంకో రెండేళ్లు బతికేది.

ముందు బాపు ప్రతి బట్టలోంచీ ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించేవాడు. బూడిదై రాలితే నూలు, గంజులోకి. ముడుచుకుని పూసలా గట్టిపడితే పాలిస్టర్, పక్కకు.

"దానికి రంగెక్కది. వట్టిగ ఉడుకుతది" అనేవాడు.

గంజులోకి దిగడానికి ఒక వరుస ఉండేది. మొదట మునిగినదానికి చిక్కటి రంగు. రెండోదానికి కాస్త తక్కువ. చివరికి మెత్తల గలీబులు, అంటే దిండ్ల తొడుగులు. అన్నీ దండెం మీద ఆరేస్తే ఒక కొసన పొద్దుగూకుతున్నట్టు, ఇంకో కొసన తెల్లవారుతున్నట్టు ఉండేది. ఆ తడి బట్టల మధ్య నేను కళ్లు మూసుకుని నడిచేదాన్ని... చెంపలకు చల్లగా తగిలేవి.

ఆ ఏడు నేను ఆరో తరగతికి సిరిసిల్ల హైస్కూలుకు వెళ్లాలి. మా ఇంట్లో అంతవరకు చదివినవాళ్లు లేరు. ఊరి బడి స్కర్టు బూడిదరంగు, కొత్త బడిలో ముదురు నీలం. కొత్తది కొనే మాటే లేదు. రంగు వేద్దామంది అమ్మ.

కానీ ఆ ఏడు మొదటి మునక అమ్మ చీరది. దుబాయి నుంచి వచ్చిన మా మేనమామ కోరుట్లలో ఇల్లు కట్టుకున్నాడు. వారంలో గృహప్రవేశం. అమ్మకున్న ఒక్క మంచి నూలు చీర, నీలిది, వెలిసి తెల్లబడిపోయింది. పొట్లం చూస్తే ఒక్కటే.

"అమ్మా, నాది ముందు వెయ్యరాదే."

"ఆగు బిడ్డా. చీర తీసినంక నీదే."

రెండో మునక అంటే లేత నీలం. ప్రార్థన వరుసలో నేనొక్కదాన్నే వేరుగా కనబడతాను.

అమ్మ ఉప్పు కోసం లోపలికి వెళ్లింది. నేను స్కర్టును గంజులో వేసి, కట్టెతో అడుగుదాకా నొక్కాను.

తిరిగొచ్చి గంజులోకి చూసింది. నా వేళ్లు చూసింది. నీలంగా ఉన్నాయి. అప్పుడైనా తీసి పక్కన పెట్టొచ్చు... పెట్టలేదు. ఉప్పు వేసి, నా చేతిలోని కట్టె తీసుకుని మెల్లగా కలపడం మొదలుపెట్టింది. స్కర్టు నల్లగా కనిపించేంత నీలం పట్టాకే చీర వేసింది.

స్కర్టు కుట్లు మాత్రం బూడిదరంగులోనే మిగిలాయి. దారం పాలిస్టర్‌ది. చీరేమో పలచటి మబ్బులా తేలింది.

కోరుట్లలో ఆడవాళ్లందరివీ తళతళలాడే చీరలు. మేనమామ భార్య, మా అత్తమ్మ, అమ్మను చూడగానే అంది.

"ఏంది వదినె, చీరను ఎండల మర్శిపోయినవా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను తల వంచుకుని కొత్త గచ్చును చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడు నా పేరు చెబుతుంది అనుకున్నాను.

అమ్మ కొంగు సర్దుకుంది. "ముందుగాల మా బిడ్డ లంగ నేనే ముంచిన. అది తాగంగ మిగిలింది నాకచ్చింది. పెద్దబడికి పోతాంది గద."

అత్తమ్మ నా గదవ పట్టి పైకెత్తింది. "అట్లనా పిల్లా? రంగంత నువ్వే తాగినవా? ఇగ మంచిగ సదువకపోతే సూడు."

మళ్లీ నవ్వారు. ఈసారి అమ్మ కూడా...

ఆ తప్పు గురించి అమ్మ ఇప్పటిదాకా నన్ను ఒక్క మాట అడగలేదు. నేనూ చెప్పలేదు. పరీక్షలన్నీ ఆ స్కర్టు కుట్లను వేలితో తడుముకుంటూనే రాశాను.

ఇప్పుడు జగిత్యాలలో ఉద్యోగం. మొన్న అమ్మకు ముదురు నీలం నూలు చీర తీసుకెళ్లాను. మడత విప్పి, అంచు నుంచి ఒక పోగు లాగి, అగ్గిపెట్టె ఎక్కడుందని వెతికింది. నూలేనమ్మా అంటే వినదు. పోగు బూడిదై రాలాక తృప్తిగా తలూపింది.

"మంచిదే బిడ్డా. వెలిస్తే మళ్ల ముంచుకోవచ్చు."

ఆ గంజు ఇప్పుడు మా ఇంట్లో లేదు... ఒక బట్ట వెలిసిపోయేదాకా దాన్నే కట్టుకునే రోజులూ లేవు.

మీ ఇంట్లో మొదటి మునక ఎవరి బట్టకు దక్కేది?