మక్కపీచు రంగు జుట్టు

ఇవాళ వడ్ల గుమ్మి ఖాళీ చేసి అడుగు ఊడుస్తుంటే ఎలుకల వాసన గుప్పున వచ్చింది. చీపురు వదిలేసి వాకిట్లోకి వచ్చాను. మా సత్తవ్వ వదిన గురించి ఊళ్లో కొందరు ఇప్పటికీ చెప్పుకునే మాట అబద్ధం. అబద్ధమని నాకు మొదటి రోజే తెలుసు. తెలిసీ ఆ రోజు పదిమందిలో నోరు విప్పలేదు.

వదిన మా మేనమామ కూతురు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి మా అన్న భార్యగా వచ్చింది. మా అమ్మానాన్నలదీ మేనరికమే. అన్న నిజాంసాగర్ కాలువ పనుల్లో మేస్త్రీ. వదిన రోజూ కాలువ దగ్గరికి సద్ది పట్టుకెళ్లేది. కొడుకు రాములు పుట్టినప్పుడు బాగానే ఉన్నాడు. ఏడాది దాటినా కూర్చోలేదు. మేమంతా నల్లటివాళ్లం, వాడి ఒళ్లు తెల్లబడింది, జుట్టు కంకి మీది మక్కపీచు రంగుకు తిరిగింది. ఎంత రుద్ది స్నానం చేయించినా ఒంటి నుంచి ఎలుకల వాసన పోయేది కాదు.

వదిన వాడిని దాచలేదు. నడక వచ్చాక వాడి చేతులు పట్టుకుని చెంబు ముందు కూర్చునేది. "ఈ చెయ్యి కడుగు బిడ్డా, ఇగ ఈ చెయ్యి కడుగు." మర్నాడు మళ్లీ మొదటి నుంచి. ఒకరోజు విసుగొచ్చి, "ఎన్నిసార్లు చెప్తవ్ వదినా? వానికి ఎక్కదు" అన్నాను.

"నీకు ఓనమాలు ఒక్కసారికే వచ్చినయా మల్లేశం? మీ పంతులు ఎన్ని బెత్తాలు ఇరగ్గొట్టిండో అత్తను అడుగుత" అని నవ్వింది. తర్వాత నేనే పంతులునయ్యాను. బెత్తం మీద చెయ్యి పడ్డప్పుడల్లా ఆ చెంబు గుర్తొచ్చేది.

రాములు కాలువ పని చూడడానికి వచ్చే తెల్ల ఇంజనీరు బిడ్డ అన్న మాట మొదట ఎవరన్నారో తెలియదు. అన్న తాగి రావడం మొదలుపెట్టాడు. కులపెద్దలను మా వాకిట్లోకి పిలిచారు. "మా ఇంట్ల గిసొంటి జుట్టు ఎవ్వలకు లేదు" అంది అమ్మ.

ఉంది. నా చెల్లెలు ఎల్లవ్వకు ఉండేది. అదే జుట్టు, అదే వాసన, అదే మాటరాని నోరు. మొక్కు ఉందని చెప్పి అమ్మ దానికి ఎప్పుడూ గుండు గీయించేది. చుట్టాలొస్తే వెనక గదిలో ఉంచేది. వదిన కాపురానికి రాకముందే అది చనిపోయింది. అన్నకూ ఇది తెలుసు, కానీ అమ్మ మాట దాటలేదు. పెద్దలు కూర్చున్న ఆ రోజుల్లో నాకు సంబంధం చూస్తున్నారు.

"మల్లేశం, నువ్వన్న చెప్పు. నేనసొంటిదాన్నా?" అంది వదిన.

అమ్మ నా వైపు చూసింది. నేను నేల చూశాను. పెద్దలు పంపెయ్యమన్నాక వదినను, రాములును బండి మీద కామారెడ్డిలో పుట్టింట్లో దింపి వచ్చింది కూడా నేనే. దారిలో ఆమె ఒకటే అడిగింది: "కుడిచెయ్యి కడుక్కునుడు వచ్చింది వానికి. చూసినవా?"

నాకు బిడ్డ పుట్టినప్పుడల్లా ముందు తల వాసన చూశాను. చాలా ఏళ్లకు పట్నంలో ఒక డాక్టరు చెప్పాడు: పుట్టుకతో వచ్చే జబ్బేనట. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా ఆ దోషం అందితేనే బిడ్డలో బయటపడుతుందట. మేనరికాల్లో అలా కలవడం ఎక్కువట. రంగు తగ్గడం, ఆ వాసన, అన్నీ దాని గుర్తులే.

కామారెడ్డికి వెళ్లాను. వదిన బీడీలు చుడుతోంది. ఎదిగిన రాములు చెంబు దగ్గర రెండు చేతులూ కడుక్కుంటున్నాడు. అంతా చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

"నేనేం జెయ్యలేదని నాకు ఎర్కనే గద. నాకెందుకు చెప్తున్నవ్? ఏడ చెప్పాల్నో ఆడ చెప్పు."

ఎల్లారెడ్డిలో అదే వాకిట్లోకి మిగిలిన పెద్దలను పిలిచాను. అమ్మ, అన్న అరుగు మీద ఉన్నారు. నాతో బండి మీద వచ్చిన వదిన కొడుకు చెయ్యి పట్టుకుని బయటే నిలబడింది, లోపలికి రాలేదు.

"రాములు జుట్టు మన ఇంటిదే" అన్నాను. "ఎల్లవ్వకు గిదే జుట్టు ఉండె. గుండు గీకించి దాచినం. నాకు ఎర్కనే, నా పెండ్లి ఆగుతదని చెప్పలే. వదినా, తప్పు నాది."