మా తమ్ముడి ఫైలు

మా తమ్ముడు మునిర్కాలో అద్దె గదిలో ఉండి సివిల్స్‌కి చదివేవాడు. నాకూ ఆ నగరంలోనే, సాకేత్‌లో ఉద్యోగం. వాడికి జ్వరం వచ్చి, ప్లేట్‌లెట్లు పడిపోయాయనగానే అందరం డెంగీ అనుకున్నాం. ఇంటి ఓనరు ఆంటీ బొప్పాయి ఆకు రసం కూడా పంపింది. పరీక్షలో డెంగీ లేదని తేలింది. మూత్రం మాత్రం డికాషన్ రంగులో వస్తోంది.

ఆసుపత్రిలో చేర్చాక డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, "సూదులేమైనా వాడతాడా? నిజం చెప్పండి" అని హిందీలో అడిగింది.

నాకు తెలుసు. నడుం నొప్పికి ఎవరో డాక్టరు రాసిచ్చిన బిళ్లలు. మొదట మింగేవాడు, తర్వాత వాటినే సూదితో ఎక్కించుకోవడం మొదలుపెట్టాడు. నెల కిందట చేతిమీద మచ్చలు చూసి చెంప పగలగొట్టాను. మానేశానన్నాడు, నమ్మాను.

ఆసుపత్రికి వచ్చే దారిలోనే నా చెయ్యి పట్టుకుని బతిమాలాడు. "చెప్పకక్కా. ఫైల్ల రాసిన్రంటే రేపు సర్వీస్ మెడికల్ల నన్ను తీసేస్తరు."

మూడుసార్లు ప్రిలిమ్స్ పోయినవాడికి, సెలెక్టయ్యాక చేసే సర్వీస్ మెడికల్ పరీక్ష గురించి బెంగ! నవ్వాల్సింది పోయి నేనూ భయపడ్డాను. మా ఇంట్లో వాణ్ణి అప్పటికే కలెక్టర్ అని పిలుస్తారు మరి. "మావాడు టీ కూడా తాగడు మేడమ్" అన్నాను. ఆమె అదే రాసుకుంది.

మర్నాడు వాడికి ఒకటే వణుకు, చెమటలు. "గదిల నా బ్యాగున్నది, తెచ్చియ్యవా అక్కా, నోట్సున్నయి" అన్నాడు. ఆటోలో వెళ్లి తెచ్చాను. జిప్పు తీసి చూడలేదు. చూడకూడదనే చూడలేదు.

ఆ మధ్యాహ్నం వార్డు బాత్రూంలో పడిపోయాడు. నర్సు తలుపు తోసేసరికి పక్కనే సూది ఉంది.

అప్పుడు చెప్పాను, అంతా. ఆ మందు వల్లే రక్తకణాలు చితికిపోతున్నాయని, కిడ్నీల్లో సన్నటి నాళాలు మూసుకుపోతున్నాయని డాక్టరమ్మ అంది. "నిన్ననే చెప్పాల్సింది" అని ఫైల్లో రాసుకుంది. నాలుగు తిట్టినా బాగుండేది. నా చేతులతో నేనే తెచ్చిచ్చాను కదా అని గోడకి తల బాదుకున్నాను.

డయాలసిస్ మొదలుపెట్టారు. కిడ్నీలు కోలుకుంటాయని ఎవరూ మాటివ్వలేదు. మిషన్ పక్కన వాడు కళ్లు తెరిచి నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"అక్కా, ఫైల్ల రాసిన్రా?"

"రాసిన్రురా. నేనే చెప్పిన."

"ఇగ నన్ను తీసుకోరు" అని గోడవైపు తిరగబోయాడు. మెడలో గొట్టం ఉండటంతో తిరగలేకపోయాడు.