ఐదో గడి లేని కాగితం

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో అందరూ ఆమెను మడతలక్క అనేవాళ్లు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉండేదేమో గానీ దానితో ఎవరికీ పని పడలేదు. పద్దెనిమిదేళ్లుగా ఆమె చేస్తున్న పని ఒకటే. ఆవిరి రోలర్ల కింది నుంచి పొగలు కక్కుతూ బయటికొచ్చే దుప్పటిని ఎదుటి మనిషితో కలిసి మడవడం. చూసేవాళ్లకు ఓస్, ఇంతేనా అనిపిస్తుంది. చేస్తే తెలుస్తుంది. చెరో రెండు కొసలు పట్టి బిగలాగాలి, దులపాలి, ఒకరివైపు ఒకరు నాలుగడుగులు వేసి కొసలు కలపాలి, వెనక్కి జరగాలి, మళ్లీ కలవాలి. రోజుకు ఆరు వందల దుప్పట్లు. ఇద్దరిలో ఎవరు పరధ్యానంలో పడినా మడత వంకర పోతుంది, వంకర మడతను ఆసుపత్రివాళ్లు తిప్పి పంపుతారు.

ఆమెకు మొట్టమొదట ఎదుటి మనిషిగా నిలబడింది అత్త. అప్పటికింకా అత్త కాదు, లాండ్రీలో పాతకాపు. ఈ కొత్త పిల్లతో నెల రోజులు మడతలు పెట్టి, ఒకనాడు దుప్పటి అవతలి నుంచి రాయిలాంటి మొహంతో అంది, "మా వాడికి నిన్ను చేసుకుంటానే."

"మీ వాడు నన్ను చూడనేలేదుగా!"

"వాడు చూసి ఊడబొడిచేదేముంది? నీ చెయ్యి నాకు నచ్చింది."

జనం ముక్కూ మొహం చూసి సంబంధం కలుపుకుంటారు, ఈవిడ కొసలు కలిపే తీరు చూసి కలుపుకుంది. ఆ పెళ్లి బాగానే నడిచింది. మొగుడు బస్సు డిపోలో పని, ఇద్దరు పిల్లలు, ఒక గది. గది వెనక సగంలో, పాత దుప్పటితో కట్టిన తెర చాటున అత్త మంచం. అరవై దాటాక ఊపిరి అందక అత్త పని మానేసింది. ముప్పై ఏళ్ల ఆవిరీ, తెల్లదనం కోసం కలిపే మందూ ఆమె ఛాతీలో దగ్గుగా మిగిలిపోయాయి. ఆ దగ్గు వింటే చాలు, ఆ వీధివాళ్లు గడియారం చూడకుండానే టైము చెప్పేవాళ్లు.

ఆ ఏడు కనీస వేతనం పెంచాలని గొడవ మొదలైంది. యజమాని చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు, ఆ సుఖం కూడా లేదు. టీ గ్లాసు పట్టుకుని వీళ్ల మధ్యకే వచ్చి నిలబడి అన్నాడు.

"దుప్పటికింత అని ఆసుపత్రి నాకిస్తుంది. అది పెరగదు. మీ జీతాలు పెరిగితే నలభైమందిలో ఆరుగుర్ని ఆపెయ్యాలి. ఆ ఆరుగురూ ఎవరో మీరే చెప్పండి."

 ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, చూసినందుకు సిగ్గుపడి గబుక్కున తల దించుకున్నారు. బాయిలర్ చూసుకునే మామ గొంతు సవరించుకుని, "పెంచకపోతే నలభైమందిమీ మెల్లగా ఆగిపోతాం బాబూ. అది కూడా లెక్కలో వేసుకోండి" అన్నాడు. యజమాని చల్లారిన టీ గ్లాసు అక్కడే పెట్టి లోపలికెళ్లిపోయాడు.

ప్రభుత్వం కమిటీ వేసింది. కమిటీ అన్నాక కాగితం పుట్టకుండా ఉంటుందా? ఒక కార్మికురాలు, ఆమె భర్త, ఇద్దరు పిల్లలు, దీన్ని కుటుంబం అంటారని ఆ కాగితం తేల్చింది. మొత్తం నాలుగు గళ్లు. పది ఇళ్లను ఎంచుకుని, పదిహేను రోజులపాటు ఆ నలుగురూ ఏం తింటారో తూచి రాసి, దాన్నిబట్టి జీతం ఎంత ఉండాలో చెబుతారట. పదింటిలో కనీసం ఏడు కాగితాలు సరిగ్గా ఉండాలి. లేకపోతే సంగతి వచ్చే ఏటికి వాయిదా. పది ఇళ్లలో మడతలక్క ఇల్లు ఒకటి.

కార్మిక సంఘం పెద్దాయన ఇంటికొచ్చి, చెప్పులు విడవకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అక్కా, నీ కాగితం మీద నలభై కడుపులున్నాయి. ఐదో మనిషి కనబడితే యజమానుల లాయరు కాగితం కొట్టేయిస్తాడు. ఆ బరువు జీతానిది కాదు, మీ సొంతం అంటాడు."

"మరి మా అత్తనేం చెయ్యమంటావన్నా?"

"పదిహేను రోజులేగా" అన్నాడు ఆయన నేల చూస్తూ. ఏం చెయ్యాలో మాత్రం చెప్పకుండా వెళ్లిపోయాడు.

తెర వెనక నుంచి అత్త గొంతు వినబడింది. "దానికంత ఆలోచనేంటే? నన్ను మడిచి అలమరలో పెట్టెయ్. పదిహేను రోజులకే పురుగు పట్టన్లే."

అందరూ నవ్వారు. మొగుడూ నవ్వాడు. "అమ్మే సరేనందిగా" అన్నాడు. తప్పు అక్కడే జరిగింది, నవ్వుతూ జరిగింది.

మర్నాటి నుంచి పొద్దునా సాయంత్రమూ తూకం మనిషి వచ్చేది. సన్నగా, మాట తక్కువగా ఉండేది. సంచీలోంచి చిన్న తక్కెడ తీసి బియ్యం తూచేది, పప్పు తూచేది, తిన్నాక గిన్నెలో మిగిలింది తూచేది. పిల్లలు ఆమెకు తక్కెడమ్మ అని పేరు పెట్టారు. తూచింది నలుగురికి, తినవలసింది ఐదుగురు. నాలుగు కంచాల్లోంచి తలా కొంచెం తీసి మడతలక్క తెర కిందుగా జరిపేది. కంచం లోపలికి వెళ్లేటప్పుడు నేల మీద రాసుకున్న చప్పుడు వినిపించేది. బయటికొచ్చేటప్పుడు ఏ చప్పుడూ ఉండేది కాదు.

మూడో రోజుకి దగ్గు ఆగిపోయింది. పదేళ్లుగా ఏ మందుకూ లొంగని దగ్గు. "ఎలా ఆపావత్తా?" అనడిగితే, "మింగేస్తున్నానే. తిండి కలిసొస్తోంది" అంది అత్త. మడతలక్కకు గుండె బరువు తగ్గినట్టనిపించింది, అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆరో రోజుకి మంచం కిర్రుమనడం మానేసింది. నులక పట్టీ అదే, కోళ్లు అవే, మనిషి మాత్రం ఎలా కదులుతోందో తెలియదు. తెర వెనక్కి కంచం పెట్టిన ప్రతిసారీ అవతల ఖాళీ గది ఉన్నట్టు చల్లగాలి వేళ్లకు తగిలేది.

తొమ్మిదో రోజు పొద్దున తక్కెడమ్మ రాస్తూ రాస్తూ ఆగింది. తెర కొస కదిలింది. "అక్కడెవరండీ?" అని లేచి, మడతలక్క అడ్డం పడేలోపే తెర పక్కకి లాగింది.

మంచం మీద మడతపెట్టిన దుప్పటి ఒక్కటే ఉంది. వెనక గోడ. ఆ గోడకు తలుపు లేదు, కిటికీ లేదు. మంచం కింద ఒక ట్రంకుపెట్టె, దాన్ని దాటి పిల్లి కూడా దూరలేదు. తక్కెడమ్మ చాలాసేపు ఆ మంచం వైపే చూసింది. తర్వాత వచ్చి కూర్చుని, ఆ పూట మిగిలినదంతా తల ఎత్తకుండా రాసుకుని వెళ్లిపోయింది.

మడతలక్క తెర మళ్లీ దగ్గరికి లాగింది. "వెళ్లిందా?" అని తెర వెనక నుంచి అత్త గొంతు. లాగి చూస్తే మంచం నట్టనడుమ కూర్చుని ఉంది.

"ఎక్కడికెళ్లావత్తా?"

"ఎక్కడికెళ్తానే? ఇక్కడే ఉన్నా. నువ్వే చూళ్లేదు."

ఎప్పుడూ అలాంటి మాటన్నాక ఫక్కున నవ్వే మనిషి ఆ రోజు నవ్వలేదు.

పదిహేను రోజులూ గడిచాయి. తక్కెడమ్మ సంతకం పెట్టించుకుని, గుమ్మం దాటబోతూ ఆగి, "జాగ్రత్తండీ" అంది. ఎవరి గురించో చెప్పలేదు. ఆమె వీధి మలుపు తిరగ్గానే మడతలక్క తెర పూర్తిగా లాగేసి, "అయిపోయిందత్తా. ఇక బయటికి రా" అంది.

"వస్తాలే" అంది అత్త. రాలేదు. మర్నాడు చూస్తే తెర మళ్లీ వేసి ఉంది. ఎవరు వేశారంటే ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత ఇంట్లో జరిగినవన్నీ చిన్నచిన్నవే, ఒక్కొక్కటిగా చెబితే ఇందులో భయపడేదేముందంటారు. కూతురు నాలుగు కంచాలు పెట్టింది. "ఇంకోటేదే?" అంటే, "మనం ఇంతేగా" అని తల్లి మొహంలోకి అమాయకంగా చూసింది. పక్కింటావిడ, "మీ అత్త ఊరెళ్లిందా? దగ్గు వినబట్టంలేదు" అంటే మొగుడు, "ఆఁ, అవును" అనేసి లోపలికొచ్చాడు. అబద్ధమాడినట్టు కూడా లేదు అతని మొహం.

అన్నిటికన్నా ఘోరం మడతలక్కే చేసింది. ఒక సాయంత్రం వండింది, వడ్డించింది, తిన్నారు, గిన్నెలు కడిగి బోర్లించింది. తడి చేతులు తుడుచుకుంటుంటే గుర్తొచ్చింది. పరుగున వెళ్లి తెర తీసింది. "అత్తా, మర్చిపోయాను, నా బుద్ధి గడ్డి తిన్నది" అని ఏడ్చింది. అత్త ఆమె తల నిమిరి, "సరిపోయిందిగా నలుగురికీ. ఇంకేం?" అంది. ఆ చెయ్యి గాలి తగిలినంత బరువే ఉంది.

విచారణ రోజు వచ్చింది. పెద్ద హాలు, ఏసీ, వరుసల్లో కుర్చీలు. ఒక పక్క యజమానులు, ఒక పక్క కార్మికులు. పది కాగితాల్లో మూడు అప్పటికే కొట్టేశారు. ఒక ఇంట్లో తమ్ముడు దొరికాడు, ఇంకో ఇంట్లో విధవ ఆడపడుచు, మూడో ఇంట్లో మూడో బిడ్డ. మిగిలినవి ఏడు. కావలసినవీ ఏడే. చివరగా మడతలక్కను పిలిచారు.

"మీ ఇంట్లో ఉండేది నలుగురేనా?" అనడిగాడు లాయరు.

"నలుగురమేనండీ."

తడబడకుండా వచ్చింది మాట. అంత నున్నగా ఎలా వచ్చిందా అని ఆమే బిత్తరపోయింది. పెద్దాయన ఊపిరి వదిలాడు. కమిటీ అధ్యక్షుడు కళ్లజోడు సర్దుకుని కలం అందుకున్నాడు.

అప్పుడు వెనక వరుసలో అటెండరు గొంతు లేచింది. "ఎవరమ్మా నువ్వు? ఇక్కడ కార్మికులకే చోటు."

"ఎవర్నీ కాను బాబూ. చల్లగా ఉందని కూర్చున్నా."

మడతలక్క వెనక్కి తిరిగింది. ఇన్ని వారాల్లో అత్తను పూర్తి వెలుతురులో చూడడం అదే మొదలు. కుర్చీలో మనిషి ఉన్నట్టే లేదు, ఆరేసిన బట్ట జారిపడినట్టుంది. అటెండరు "లేమ్మా, లే" అనగానే ఆమె బుద్ధిగా లేచింది. ఆ బుద్ధినే కోడలు భరించలేకపోయింది. ఒకప్పుడు రోలరుకు రక్షణ రేకు బిగించేదాకా పని మొదలుపెట్టనని మిషను ముందు రోజంతా బాసింపట్టు వేసుక్కూర్చున్న మనిషి ఈవిడే.

"ఆగండి! ఆవిడ మా అత్త. మా ఇంట్లో ఐదుగురం."

హాల్లో కలకలం రేగింది. సంఘం పెద్దాయన తల పట్టుకున్నాడు. రోజూ ఎదుట నిలబడి కొసలు కలిపే తోటి మనిషి, "అక్కా, ఏం చేశావే!" అని ఏడుపు గొంతుతో అరిచింది. లాయరు మాత్రం తీరిగ్గా, "అయితే ఆరే మిగిలాయండీ" అన్నాడు.

అధ్యక్షుడు అత్తను ముందుకు పిలిచాడు. "ఈమె మీ కోడలేనా?"

అత్త దగ్గరికొచ్చి మడతలక్కను కిందినుంచి పైదాకా చూసింది. "నాకు తెలీదు బాబూ" అంది. "ఎవరో పాపం, ఎండన పడి వచ్చినట్టుంది."

"అత్తా!"

"ఊరుకోమ్మా. నీకూ ఎవరో అత్త ఉండే ఉంటుంది. ఇంటికెళ్లి చూసుకో."

అంతే. అటెండరు తలుపు తీసి పట్టుకున్నాడు, ఆమె వెళ్లిపోయింది. ఆవిరిలో పనిచేసేవాళ్లకు అప్పుడప్పుడు బుర్ర తిరుగుతుందని పెద్దాయన అధ్యక్షుడికి నచ్చజెప్పాడు. లాయరు ఏదో అనబోయాడు గానీ ముసలామె నోటి మాట అప్పటికే రాసేశారు. ఏడో కాగితం చెల్లింది. జీతం పెరిగింది. నలుగురు తినడానికి ఎంత కావాలో సరిగ్గా అంత. జనం మడతలక్కను వాటేసుకున్నారు, ఒకావిడ ముద్దు పెట్టుకుంది. దూరంగా యజమాని వేళ్ల మీద ఏదో లెక్కేసుకుంటున్నాడు.

ఆమె అందర్నీ విడిపించుకుని బయటికి పరుగెత్తింది. గేటు దగ్గర కాపలా మనిషి, లోపలి నుంచి ముసలామెవరూ రాలేదన్నాడు. బస్టాపులో లేదు. వీధిలో లేదు.

ఇంటికి వేసిన తాళం వేసినట్టే ఉంది. తీసి లోపలికెళ్లి తెర జరిపితే, అత్త మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. ఎలా వచ్చావని అడిగే ధైర్యం మడతలక్కకు లేకపోయింది.

"అత్తా, జీతం పెరిగింది. నీ పుణ్యమే. ఇక చాలు, లే."

"ఎవరమ్మా?"

"నేనే. నీ కోడల్ని."

అత్త మెల్లగా ఇటు తిరిగింది. కళ్లలో కోపం లేదు, ఎగతాళి లేదు. దారి తప్పినవాళ్లతో మాట్లాడే మర్యాద ఉంది.

"ఇల్లు పొరబడ్డావమ్మా. ఇక్కడుండేది నలుగురే. అందరూ పనిమీదెళ్లారు. వాళ్లొచ్చేదాకా అలా గుమ్మంలో కూర్చో."

మడతలక్క వెళ్లి గుమ్మంలో కూర్చుంది.