దేవపాలు వెనక్కి చూడడు

దేవపాలు ట్రాక్టరుకు నూర్పిడి మిషన్ తగిలించేటప్పుడు మా ఊళ్లో ఎవరూ దగ్గరికి పోరు. పోతే తిట్లు తిని రావాల్సిందే. మిషన్ అదరకుండా దాని చక్రాలను కళ్లంలో గుంతలు తీసి దించి ఉంటారు కాబట్టి ట్రాక్టరే దాని దగ్గరికి పోవాలి. దేవపాలు ట్రాక్టరు వెనక్కి తెస్తాడు. ఇంజిన్ ఆపుతాడు. తాళం తీసి జేబులో వేసుకుంటాడు. నడుం పట్టుకుని దిగి, వెనక్కి పోయి షాఫ్టు ఎత్తి చూస్తాడు. అందదు. మళ్లీ ఎక్కి రవ్వంత వెనక్కి తెస్తాడు, ఆపుతాడు, తాళం తీస్తాడు, దిగుతాడు. ఈసారి మరీ దగ్గరైపోతుంది. ఇట్లా పొద్దెక్కుతుంది. కూలోళ్లు వేపచెట్టు కింద కూర్చుని నవ్వుకుంటుంటారు. కూలి ఎట్లాగూ పడుతుంది కాబట్టి వాళ్లకేం బాధ లేదు.

పని తెలియని వాళ్లకు ఇదేం బ్రహ్మవిద్య అనిపిస్తుంది. ట్రాక్టరు వెనక గాడులున్న ఇనుప మొన ఒకటి బయటికి పొడుచుకుని ఉంటుంది. ఇంజిన్ బలమంతా అక్కడికి వచ్చి తిరుగుతుంది. మిషన్ నుంచి వచ్చే షాఫ్టు నోరు ఆ మొనకు ఎక్కాలి. గాడికి గాడి కలవాలి. వేలెడు పక్కకున్నా ఎక్కదు. నోటి పక్కన ఒక పిన్ను ఉంటుంది. బొటనవేలితో దాన్ని నొక్కి పట్టుకుని, ఆ బరువంతా మోస్తూ, తిప్పుతూ, లోపలికి తోయాలి. పాత గ్రీజు, జొన్న దుమ్ము కలిసి ఆ పిన్నును రాయి చేసి పెడతాయి. మూడు చేతులు కావాల్సిన పని. దేవుడు ట్రాక్టర్లు వస్తాయని ఎరగక రెండే ఇచ్చాడు. దేవపాలుకు అందులోనూ ఒక వేలు లేదు.

ఎవరైనా జాలిపడి, "మామా, నేను పట్టుకుంటాలే, నువ్వు సీటెక్కు" అన్నారనుకోండి, ఇంక చూసుకోవాల్సిందే.

"నా బండెనక నిలబడినావంటే కాలి మెట్టు తీసుకుని కొడతా. పో అవతలికి!"

ముసలోనికి చాదస్తం అంటారు జనం. అనడానికేం, నోరు ఊరికే వచ్చింది. అది చాదస్తం కాదు. మా ఊరు ఆ మనిషికి చేసిన అన్యాయం. ఊరు మర్చిపోయింది, ఆయన మర్చిపోలేదు.

మాది జమ్మలమడుగు, ప్రొద్దుటూరు నడుమ నల్లరేగడి ఊరు. జొన్న, శనగ తప్ప వేరే పంట నమ్ముకున్నది లేదు. ఎనభైల చివర్లో పై వీధి హనుమంతయ్య, కింద వీధి మురళీమోహన్ ఒక కంచంలో తిని ఒక మంచంలో పడుకునేంత స్నేహితులు. హనుమంతయ్య ట్రాక్టరు కొన్నాడు, మురళీమోహన్ నూర్పిడి మిషన్ కొన్నాడు. రెండూ కలిస్తేనే పని. ట్రాక్టరుకు డ్రైవరు దేవపాలు. తాతల నాడే తెల్లదొరల చర్చిలో బాప్తిస్మం పొందిన కుటుంబం ఆయనది. మురళీమోహన్ మిషన్ చూసుకునేది ఖాజా. తల్లి గులాబ్‌బీకి ఒక్కడే కొడుకు.

ఆ రోజుల్లో వాళ్లిద్దరూ షాఫ్టు తగిలిస్తుంటే చూడముచ్చటగా ఉండేది. దేవపాలు సీటు మీద, ఖాజా వెనక, ట్రాక్టరుకూ మిషన్‌కూ మధ్య ఉండే మూరెడు సందులో. ఖాజా అరచేత్తో మడ్‌గార్డు మీద ఒక దెబ్బ కొడితే వెనక్కి రమ్మని, రెండు కొడితే ఆగమని. దేవపాలు తల తిప్పి చూసేవాడే కాదు. బీడీ నోట్లో పెట్టుకుని ఎదురుగా ఉన్న చేను చూస్తూ, చెవితోనే బండి నడిపేవాడు. దెబ్బ పడుతుంది, బండి కదులుతుంది, రెండు దెబ్బలు పడతాయి, ఆగుతుంది, కటుక్కున పిన్ను పడుతుంది. బీడీ కాలేలోగా మిషన్ తిరిగేది.

ఒకసారి మా నాయన ఉండబట్టలేక అడిగాడు. "ఎనక మనిషి ఉండాడే, రవ్వంత తిరిగి సూసుకోవా దేవపాలూ?"

"ఎందుకు సూడాలప్పా? నేను సూస్తే వాన్ని నమ్మనట్ల గదా."

మధ్యాహ్నం దేవపాలు భార్య జీవరత్నం తెచ్చిన సంగటి ఇద్దరూ పంచుకునేవాళ్లు. మొగుడి కంటే ముందు ఖాజాకే ఊరుబిండి పచ్చడి వడ్డించేది ఆ యమ్మ. "మామా" అని వాడు, "అల్లుడా" అని ఈయన. ఏ చుట్టరికమూ లేదు, షాఫ్టే చుట్టరికం.

పంచాయతీ ఎన్నికల్లో హనుమంతయ్య, మురళీమోహన్ విడిపోయారు. ఎందుకు విడిపోయారో సరిగ్గా చెప్పగలిగిన వాడు ఈ రోజుకీ మా ఊళ్లో లేడు. రోడ్డు కాంట్రాక్టు అంటారు కొందరు, పెళ్లిలో తాంబూలం ముందు ఎవరికిచ్చారన్న మాట అంటారు కొందరు. ఊరు మాత్రం నిలువునా చీలింది. టీ అంగళ్లు రెండయ్యాయి. బస్సులో పై వీధి వాళ్లు కుడి పక్క, కింద వీధి వాళ్లు ఎడమ పక్క కూర్చునేవాళ్లు. నువ్వు ఏ పార్టీ అని దేవపాలును ఎవరూ అడగలేదు. ట్రాక్టరు ఏ పార్టీయో డ్రైవరూ అదే పార్టీ. మిషన్ ఏ పార్టీయో ఖాజా అదే. మనుషులను ఇనుపసామానుతో పాటు పంచుకున్నారు.

అయినా జొన్నకు పార్టీ లేదు కదా. కళ్లాల్లో కుప్పలు పడేసరికి పెద్దమనుషులు కూర్చుని, నూర్పిళ్లు అయ్యేదాకా ట్రాక్టరు, మిషన్ కలిసి తిరగొచ్చని ఒప్పించారు. దేవపాలు, ఖాజా ఎప్పటిలాగే పని చేశారు. కాకపోతే సంగటి మాత్రం ఎడంగా కూర్చుని తినేవాళ్లు. కలిసి తింటే చాడీలు మోసే నోళ్లు రెండు వీధుల్లోనూ ఉన్నాయి.

అంతలో జమ్మలమడుగు కోర్టుకు వాయిదాకు పోయి వస్తున్న పై వీధి మనిషిని బస్సులోంచి దించి చంపారు. ఊళ్లో పోలీసు పికెట్ పెట్టారు. నూర్పిళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అప్పటికి లక్ష్మమ్మ కుప్ప ఒక్కటే మిగిలింది. మొగుడు లేని మనిషి. ఏ పార్టీ ఆమెను తమదనుకోలేదు. దక్షిణాన మబ్బు కమ్ముకుంటుంటే ఆమె రెండు వీధులకూ పరిగెత్తి, ఇద్దరి కాళ్లూ పట్టుకుంది. ఇద్దరూ వెంటనే సరేనన్నారు. తలలు నరుక్కుంటున్న వాళ్లు అంత తొందరగా ఒప్పుకున్నారంటే ఎవరికైనా అనుమానం రావాలి. మాకు రాలేదు. మా చూపంతా మబ్బు మీదే ఉంది.

ఆ పొద్దున హనుమంతయ్య పశువుల కొట్టం దగ్గర దేవపాలుతో మాట్లాడిన సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత ఆయన నోటనే తెలిసింది. కానీ ఇక్కడే చెప్పడం న్యాయం.

"ఈ పొద్దు ఖాజాగాడే గదా ఎనక నిలబడేది?"

"అవును సామీ. ఎప్పుడూ వాడే గదా."

"క్లచ్చి మీద నుంచి కాలు జారుతాంటాది. ఎవురికైనా జారుతాది. కాలు జారినోని మీద కేసు నిలబడదు."

"ఖాజా ఏం జేసినాడు సామీ?"

"ఏమీ చెయ్యలే. మనోడు పోయినాడు, వాళ్లోడు ఒగడు పోవాల. నువ్వేం జేసినావని నీకు ఇంటి జాగా ఇచ్చినా? సామాన్లు సర్దుకోవాల్నో వద్దో సాయంత్రం తెలుస్తాదని జీవరత్నానికి చెప్పు."

దేవపాలు "ఊ" అన్నాడు.

కళ్లం దగ్గర మేమంతా ఉన్నాం. ఖాజా సందులోకి దూరి షాఫ్టు ఎత్తిపట్టుకున్నాడు. మడ్‌గార్డు మీద ఒక దెబ్బ కొట్టాడు. ట్రాక్టరు కదల్లేదు. మళ్లీ కొట్టాడు. దేవపాలు రివర్సు గేరు వేసి, క్లచ్చి తొక్కి పట్టుకుని ఉన్నాడు. ఆ కాలు వణకడం పక్కనున్న నాకు కనిపించింది. జ్వరమేమో అనుకున్నాను. ఆయన గేరు తీసేసి కిందికి దిగాడు.

"నువ్వెక్కు అల్లుడా. నేను ఎనక పట్టుకుంటా."

ఖాజా ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నాకు బండి రాదు మామా."

"నేను నేర్పిందే గదరా!"

"నేనెక్కను. నీ కాళ్లు మొక్కుతా మామా, నన్ను సీటెక్కమనొద్దు."

"ఎవురో ఒగరు ఎక్కండ్రా, మబ్బు నెత్తిన ఉండాది!" అని లక్ష్మమ్మ మొత్తుకుంది. ఇద్దరిలో ఒక్కరూ ఎక్కలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చివరికి ఖాజాను దూరంగా పొమ్మని దేవపాలు ఒక్కడే మొదలుపెట్టాడు. ఎక్కడం, వెనక్కి తేవడం, ఆపడం, దిగడం. అదే మొదటిసారి. ఒంటి మనిషికి గాడికి గాడి ఎక్కడ కలుస్తుంది? పిన్ను పడకముందే వాన పడింది.

లక్ష్మమ్మ జొన్నలు కుప్పలోనే నల్లబడి మొలకలెత్తాయి. ఆమె రెండు వీధుల మధ్య నిలబడి తిట్టిన తిట్లు అందరూ విన్నారు. హనుమంతయ్యను కాదు, మురళీమోహన్‌ను కాదు, దేవపాలును, ఖాజాను తిట్టింది. నేనూ ఆ వేళ ఆమెకే వంత పాడాను. పెద్దోళ్లను తిట్టే ధైర్యం మాలో ఎవరికుంది? ఆ సాయంత్రమే దేవపాలు గుడిసె పీకించారు. జీవరత్నం చర్చి వెనక రేకులు వేసుకుంది. ఖాజా తల్లిని తీసుకుని పులివెందుల పక్క చీనీ బత్తాయి తోటల్లో కాపలాకు పోయాడు.

తర్వాతి ఎన్నికలకు హనుమంతయ్య, మురళీమోహన్ ఒకే జెండా కిందికి వచ్చారు. జమ్మలమడుగులో స్టేజీ ఎక్కి దండలు మార్చుకున్నారు. ఊరంతా చప్పట్లు కొట్టింది. మిషన్ మళ్లీ ట్రాక్టరు దగ్గరికి వచ్చింది. వేరే డ్రైవరు కుదరక హనుమంతయ్య దేవపాలుకు కబురు పెట్టాడు. కడుపు మాడే మనిషికి రోషమెక్కడిది, పోయాడు. కానీ ఆనాటి నుంచి ఆయన బండి వెనక మనిషి నిలబడింది లేదు. ఒంటరిగా తగిలించే గుంజాటలో ఒక ఏడాది ఆయన వేలు తెగిపోయింది. ఆ నెత్తురు చేత్తోనే నూర్పిడి పూర్తి చేశాడు.

పోయిన ఏడు బంధువుల పెళ్లికని ఖాజా ఊరికి వచ్చాడు. గడ్డం నెరిసింది. మా కళ్లంలో దేవపాలు ఎక్కుతూ దిగుతూ తిట్టుకుంటుంటే చూసి, చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను.

"బాగుండావా మామా?"

దేవపాలు తాళం జేబులో వేసుకున్నాడు. "యాడుండావురా ఇన్నేండ్లు?" అని మాత్రం అన్నాడు. ఇద్దరూ మిషన్ నీడన కూర్చున్నారు. బీడీ ముట్టించుకున్నాక ఖాజానే ఎత్తాడు.

"ఆ పొద్దు నీకు గూడా చెప్పినారు గదా మామా?"

"చెప్పినారు. నీకు?"

"ఎట్లన్నా నిన్ను ఎనక సందులోకి రప్పించి, నన్ను సీటెక్కి క్లచ్చి వదలమన్యారు. నేను అడగకముందే నువ్వు దిగి వస్తివి."

"నువ్వేమంటివి వాళ్లతో?"

"ఊ అంటి."

"నేనూ ఊ అంటి."

"ఊ అనకుంటే బతకనిస్తారా మామా?"

"బతకనీరు."

ఇద్దరూ ఊ అన్నారు, ఇద్దరూ చేయలేదు. ఒకరి ప్రాణం ఒకరు కాపాడుకుని, చేయరాని పని చేసిన వాళ్లలా ఇన్నేళ్లు తల వంచుకుని బతికారు. చేయమన్న వాళ్లు దండలు మార్చుకున్నారు.

ఖాజా లేచి చేతులు దులుపుకున్నాడు. "ఎక్కు మామా. నేను పట్టుకుంటా. ఒక్క దెబ్బకు అయిపోతాది." అని సందులోకి దూరాడు.

దేవపాలు వద్దనలేదు, మెట్టు తీయలేదు. సీటెక్కాడు. ఇంజిన్ స్టార్టు చేశాడు. గేరు వేసి క్లచ్చి తొక్కాడు. మడ్‌గార్డు మీద ఒక దెబ్బ పడింది. కూలోళ్లు నవ్వడం ఆపి చూస్తున్నారు.

దేవపాలు తల తిప్పి వెనక్కి చూశాడు.

ఖాజా షాఫ్టును చూడటం లేదు. దేవపాలు కాలిని చూస్తున్నాడు.

ఇద్దరి చూపులూ కలిశాయి. ఖాజా షాఫ్టును మెల్లగా కింద పెట్టి, సందులోంచి బయటికి వచ్చాడు. చేతికంటిన గ్రీజు తువ్వాలకు తుడుచుకున్నాడు.

"పోయొస్తా మామా. బస్సుకు టైమైతాంది."

"జాగ్రత్తగా పో అల్లుడా."

ఖాజా చెప్పులు తొడుక్కుని రోడ్డెక్కేదాకా దేవపాలు క్లచ్చి మీద నుంచి కాలు తీయలేదు. ఆ తర్వాత రవ్వంత వెనక్కి తెచ్చాడు. ఇంజిన్ ఆపాడు. తాళం తీసి జేబులో వేసుకుని, నడుం పట్టుకుని దిగాడు.